బోణీ వేళ కొన్న వాన

వాన చప్పుడు వినిపించినందుకు నా ఖాతాలోంచి ఏడాది చందా లాగేశారు. దాంతో నీ ఓవర్‌డ్రాఫ్టు హద్దు దాటిందని బ్యాంకువాళ్లు జరిమానా వేశారు. దాని మీద జీఎస్టీ కూడా. నన్ను అడిగినవాడు లేడు.

సరే, అడిగారు. నేనే ‘అవును’ అని నొక్కాను. ఆ ఒక్క నొక్కుడు నన్ను అన్నం వండే గంజు కిందికి ఎలా తోసిందో చెబుతాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆనాడు మాత్రం నా గుండె కుక్కరు మూత మీది విజిల్‌లా ఎగిరింది.

మట్టెవాడలో నాది స్టీలు సామాన్ల దుకాణం. బోణీ కాకముందు మేము ‘లేదు, కాదు, వద్దు’ అనే మాటలు పలకం. లేని సామాను అడిగినా ‘వస్తది, కూసోండ్రి’ అంటామే తప్ప లేదనం. మా బోణీ ఏనాడూ పొద్దున పది గంటలు దాటనిదే కాదు. ఓ పొద్దున షట్టరెత్తి అగరుబత్తి వెలిగిస్తుంటే ఫోను అడిగింది: ‘హాయిగా నిద్ర పట్టేందుకు వాన చప్పుడు. మొదటి నెల ఉచితం. కావాలా?’ కింద రెండు గడులు: అవును, కాదు. మీరే చెప్పండి, బోణీ కాని మనిషి ఏది నొక్కుతాడు? ఆ వెంటనే పిన్ అడిగింది. అదీ కొట్టాను. ఆ వేళప్పుడు అడిగినవాణ్ని ఉత్త చేతులతో పంపకూడదు కదా!

ఆ వాన ఒక్కసారే విన్నాను. దుకాణం రేకులు కారుతున్నాయేమోనని కంటి మీద కునుకు లేదు. మళ్లీ దాని జోలికి పోలేదు. నేను ఊరుకుంటే అదీ ఊరుకుంటుందనుకున్నాను.

నెల తిరిగేసరికి అది ఊరుకోలేదు. పెళ్లిళ్ల సీజనుకు సరుకు దించి ఓవర్‌డ్రాఫ్టును అంచుదాకా వాడేసి ఉన్నాను. హోల్‌సేల్ సదానందానికి ఇచ్చిన చెక్కు ఆ రోజే బ్యాంకులో పడాలి. దానికి సరిపడా నగదు సంచిలో పెట్టుకుని బయలుదేరబోతుంటే జరిమానా మెసేజు వచ్చింది. సంచిలో నగదు ఇక చాలదు, చెక్కు తిరిగొస్తుందని బెంబేలెత్తాను. ఎందుకంటే మా బజారులో వెనకటికి వెంకటయ్య అని ఒక బీడీ ఆకుల వ్యాపారి ఉండేవాడు. ఒక్కసారి ఆయన చెక్కు తిరిగొచ్చింది. అంతే, పోయేదాకా ఆయన ‘వాపసు వెంకటయ్య’. పోయాక కూడా. ఆయన మనవణ్ని చూపించి ఇవాళ్టికీ ‘వాపసోళ్ల పిలగాడు’ అంటారు. పైగా సదానందం గొంతుకు మైకు అక్కర్లేదు.

సుబేదారిలోని బ్యాంకుకు ఉరికాను. కౌంటర్లో ఓ పడుచు ఆఫీసరమ్మ.

“మేడమ్, ఈ జరిమానా ఎవలనడిగి ఏసిండ్రు?”

“హద్దు దాటింది కద సార్, సిస్టమే ఏస్తది.”

“ఆ సిస్టమ్‌ను పిలువుండ్రి, నేను మాట్లాడుత.”

“సిస్టమంటే మనిషి కాదు సార్. మీరు యాప్‌కు ఆటోపే ఇచ్చిండ్రు. నెల ఒడవంగనే అదే రెన్యూవల్ అయింది.”

“ధర్మసాగర్ చెరువు నిండ వాన పడ్తాంటె, పైసలిచ్చి వాన చప్పుడు కొంటనా నేను?”

“కొన్నరు కద సార్.”

వెనక లైనంతా కిసుక్కుమంది. ఆ అమ్మాయి మాత్రం ఓపికగా చెప్పింది: “ఫికర్ చేయకుండ్రి. సంచిల పైసలకు ఇంకింత కలిపి కట్టుండ్రి, చెక్కు పాసైతది. జరిమానా మీద ఫిర్యాదు తర్వాత చేద్దురు.”

“చేయని తప్పుకు పైస గూడ కట్ట!”

నేను బడికి పోయినవాణ్ని కాను. పొట్లాల కాగితాలు విప్పి చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. అందుకని ఎక్కడ అచ్చు కనబడినా వదలను. గోడ మీది రుసుముల పట్టికను పైనుంచి కిందిదాకా పెద్దగా చదువుతూ, ఒక్కో వరుసకూ ఎదురువాదన వినిపించాను. గొప్పగా వాదించాను. చివరి వరుసకు వచ్చి చూస్తే కౌంటరు మూసి ఉంది. సంచి నా ఒళ్లోనే ఉంది.

ఇంట్లో మా ఆవిడ సులోచన అంతా విని అడిగింది: “అంటె, సంచిల పైసలు పెట్టుకోని, పైసలు లేవని చెక్కు వాపస్ చేయించుకున్నవా?”

“అది న్యాయం సంగతి సులోచనా...”

“ఆ న్యాయాన్నే కుక్కర్ల ఏస్త, రేపు జైల్ల తిందువు గాని.”

జైలు! ఆ మాట నేను అప్పటిదాకా తలుచుకోలేదు. ఇక దుకాణం ముందు ఏ స్కూటరు ఆగినా పోలీసులే అనిపించింది.

మరునాడు పొద్దున్నే నిజంగానే స్కూటరు ఆగింది. సదానందం! నేను బిందెల వెనక్కి దూకాను. మోకాలు తగిలి బిందెలన్నీ పెళ్లి బ్యాండు మేళంలా కూలాయి. అన్నిటికంటే పెద్ద గంజు వచ్చి నా నెత్తిన బోర్లింది.

“వీరేశం అన్నా, గా గంజు కింద ఏం చేస్తానవే?”

“సదానందం, తప్పు నాదే! కాళ్లు మొక్కుత, జైలుకు మాత్రం పంపకు!”

“జైలేంది? చెక్కు మీద దస్కతు పెట్టుడు మర్శినవ్. నిన్న బ్యాంకుల ఏద్దామని చూసి ఆగిపోయిన. పెట్టు.”

గంజు తీసి సంతకం పెట్టాను. వెళ్లబోతూ ఆగాడు. “అవునే, జైలని ఎందుకన్నవ్? ఏమన్న అయిందా?”

‘ఏం లేదు’ అంటే సరిపోయేది. కానీ బోణీ ఇంకా కాలేదు! వాన దగ్గర్నుంచి గంజుదాకా మొత్తం చెప్పాను.

మధ్యాహ్నం సంచితో మళ్లీ బ్యాంకుకెళ్లి, కట్టమన్నదంతా కట్టి, చెక్కు పాసయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదు. యాప్ రద్దు చేయించాను. జరిమానా మీద ఫిర్యాదు రాసిచ్చాను. తిరిగొచ్చేసరికి బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా నేను ‘వాన వీరేశం’. వాపసు కంటే నయమే కదా అని నన్ను నేనే ఓదార్చుకుని, సొట్టపడిన ఆ గంజు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ప్రాణం పోయినా బోణీ అయ్యేదాకా ఫోను ముట్టను.

సాయంత్రం బ్యాంకు నుంచి జవాబు వచ్చింది:

“గౌరవనీయ ఖాతాదారు గారికి, మీ జరిమానా తిరిగి జమ చేశాం. ఇకపై మీకు ఇలాంటి ఇబ్బంది కలగకుండా హద్దు దాటితే హెచ్చరించే కొత్త సేవను మీ ఖాతాకు జతపరిచాం. మొదటి నెల ఉచితం. అక్కర్లేదనుకుంటే రేపు ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఫోను చేసి ‘వద్దు’ అని స్పష్టంగా పలకగలరు.”