సాలోమోను సారు తీసిన తరుగు

సాలోమోను సారు ఎవరు ఏ లెక్క చెప్పినా తరుగు తీయకుండా నమ్మేవారు కాదు. బంగారానికి కంసాలి తరుగు తీస్తాడు, వడ్లకు షావుకారు తీస్తాడు. హాకీ గోల్స్‌కు తరుగు తీసిన మనిషిని మాత్రం నా జన్మలో ఆయనొక్కరినే చూశాను. చూసిన ప్రతిసారీ నోరు తెరిచాను. ఇప్పుడు తలుచుకున్నా అది సరిగ్గా మూతపడదు.

ఆయన ఒక మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు. దిల్‌సుఖ్‌నగర్ ద్రాక్షతోటల వెనక మైదానంలో మా జూనియర్ లీగ్ జరిగేది. దాన్ని చూసి నగర క్యాంపుకు పిల్లల్ని ఎంచి పంపే పని ఆయనది. నేను, అంటే దశరథ అనే ఈ అభాగ్యుణ్ణి, అక్కడ అంపైరును. లీగ్ చివర్లో పిల్లలు గోల్స్ చెప్పుకోవడానికి ఆయన ముందు వరసకట్టేవారు.

"ఎన్ని కొట్టినవ్‌రా?"

"పది సార్!" అన్నాడు చంపాపేట సెంటర్ ఫార్వర్డ్, ఛాతీ విరుచుకుని.

"గోల్‌కీపర్ ఎవడు?"

"బడంగ్‌పేట నర్సింగ్ సార్."

"వాడు బాల్ వస్తుంటె కండ్లు మూసుకుంటడు. సగం తరుగు. ఏ దిక్కు కొట్టినవ్?"

"మురుగు మోరీ దిక్కు సార్."

"గా దిక్కు నేల వాలు. కొట్టకున్నా పోతది. ఇంక రెండు తీసెయ్. వయసెంత?"

"పదహారు సార్."

"నీకు పదహారే. గా మీసానికి ఇరవై ఉంటది."

చివరకు వాడికి ఒక్క గోల్ మిగిలింది. "గిది అసలుది. జాగ్రత్తగ దాచుకో" అని సారు వాడి భుజం తట్టారు. ఏడవాలో నవ్వాలో తెలియక వాడు నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు.

ఇంటా బయటా ఇదే వరస. ఈస్టరుకు గుడి నిండిపోయిందని పాస్టరుగారు సంబరపడితే, "చంటిపిల్లల్ని, నిద్రవోయినోళ్లను తీసేసి చెప్పుండ్రి అయ్యగారూ" అన్నారు. భార్య సారమ్మ ఒకనాడు, "మన పెండ్లయి ఇరవై ఏండ్లాయె" అని ముచ్చటపడింది.

"అలిగి పుట్టింట్ల ఉన్న దినాలు తీసేసినవా?"

"తియ్యలే. ఇంకొన్ని కలుపుకో" అని ఆమె ఆ పూటే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు మూతపడ్డాయి. మా లీగ్ ఒక రోజు ఆగుతూ, ఒక రోజు సాగుతూ నడిచింది. సారు ప్రతి ఊరేగింపులో ముందు వరసలో నడిచి, గొంతు బొంగురుపోయేదాకా జై కొట్టేవారు. అక్కడైనా ఊరుకున్నారా? ఒక కుర్రనాయకుడు వచ్చి, "వేలమంది వచ్చిర్రు సార్!" అంటే, ఆ బొంగురు గొంతుతోనే, "బటానీలు అమ్మేటోళ్లను తీసేసినవా?" అని అడిగారు. ఎవరు ఎటునుంచి కొడతారోనని నేను బిక్కచచ్చిపోయాను.

ఆ ఏడు క్యాంపులో ఒక్కటే చోటు మిగిలింది. గోల్స్‌లో అందరికంటే పైనున్నవాడు మా అక్క లచ్చమ్మ కొడుకు సైదులు. వాడి టీములోనే ఉన్నా అట్టడుగున ఉన్నవాడు కామేశం. వాడి గోల్స్ సున్నా. తణుకు వైపు నుంచి వచ్చి మా వీధిలో కిరాయికుంటున్న సీతామహాలక్ష్మిగారి అబ్బాయి. ఉద్యమం మొదలయ్యాక పిల్లలు వాడితో మాట్లాడటం మానేశారు. మైదానంలో వాడికి బాల్ ఇవ్వడం కూడా మానేశారు.

సెలక్షన్ ముందు రోజు సీతామహాలక్ష్మిగారే మైదానానికి వచ్చింది.

"మాస్టారూ, క్యాంపులో చోటు దొరికితే వాణ్ణి ఇక్కడే ఉంచుతానండీ. లేకపోతే మా పుట్టింటికి పంపేస్తాను. రోజంతా ఒక్కడే గోడకేసి బంతి కొట్టుకుంటున్నాడు. చూడలేకపోతున్నానండీ."

సారు గంభీరంగా తలాడించారు. "గోడ కదలదు గదమ్మా. దాని మీద ఆడితే తరుగు ఎక్కువుంటది."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇంత కఠినాత్ముడా ఈ మనిషి అని ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. పోనీలే, మా సైదులుకు చోటు ఖాయం కదా అని మాత్రం లోలోపల కొంచెం సంతోషించాను.

మర్నాడు పిల్లలందరి ముందు సారు లేచి, "చోటు కామేశంది" అన్నారు.

నా నోట్లోని విజిల్ జారి కిందపడింది.

"సార్! వానివి సున్నా గోల్స్! సున్నాల తరుగెట్ల తీసిండ్రు?" అన్నాను.

"వాని దాంట్ల తియ్యలే. మీవోని దాంట్ల తీసిన. సైదులూ, ఇటు రా. నీ గోల్స్‌కు బాల్ ఎవడిచ్చిండు?"

సైదులు కాలి బొటనవేలితో మన్ను గీకాడు. "కామేశం సార్."

"అన్నిటికా?"

"శానా మటుకు సార్."

టీములో మిగతావాళ్ళనీ అడిగారు. అందరూ ఆ పేరే చెప్పారు.

"మరి వానికి ఎవడిచ్చిండు?"

పిల్లలందరూ తలలు దించుకుని తమ స్టిక్కులకేసి చూసుకున్నారు.

"ఎదుటోని స్టిక్ కాడికెల్లి గుంజుకొచ్చి వీడు మీకిచ్చిండు. కంసాలి తీసిన తరుగు కంసాలి ఇంట్లుంటది. నేను తీసిన తరుగు యాడికి పోతదనుకున్నర్రా? బాల్ ఇచ్చినోనికి కొసరేస్తున్న. ఎన్నో ఏండ్ల సంది గదే చేస్తున్న. మీకు తీసుడు కనవడ్డది గని, ఏసుడు కనవడలే."

నిజమే. అన్నేళ్ళుగా ఆయన క్యాంపుకు పంపిన ప్రతి జట్టులోనూ, గోల్స్ లేని పిల్లవాడు ఒకడు ఉండేవాడు. అది ఆయన చాదస్తం అనుకుని అందరం నవ్వుకున్నాం.

వెనకనుంచి ఎవడో, "వాడు ఆంధ్రోడు గద సార్" అని గొణిగాడు.

"జై తెలంగాణ నేను మీకంటె గట్టిగన్న. నా గొంతు సూడుండ్రి ఎట్ల వోయిందో! గది సడక్ మీది ముచ్చట. మైదానంల ఖాళీగ ఉన్నోనికి బాల్ ఇయ్యాలె. గంతే."

సైదులు ఏడుస్తాడేమోనని చూస్తున్నాను. వాడు తిన్నగా కామేశం దగ్గరికి నడిచాడు. "క్యాంపుల నీకు ఎవడన్న బాల్ ఇయ్యకుంటె నాకు చెప్పు. వాని సంగతి నేను జూస్త" అన్నాడు. ఇదెక్కడి చోద్యమని మళ్ళీ నోరు తెరిచాను. మా అక్క మాత్రం చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం సీతామహాలక్ష్మిగారు సున్నుండలు చేసి అందరినీ పిలిచింది. సున్నా గోల్స్‌కు సున్నుండలని పిల్లలు ఒకటే నవ్వు. అందరికంటే ముందు కూర్చున్నవాడు మా సైదులే.

"ఎలా ఉన్నాయి మాస్టారూ?"

సారు కళ్ళు మూసుకుని నమిలారు. "మంచిగున్నయమ్మా. గని పొద్దటి సంది నేనేం తినలే. ఆకలి మీదున్న గద, జర తరుగు తీసెయ్యాలె."

నేను తల పట్టుకున్నాను. ఆవిడ మాత్రం పళ్ళెం తీసుకుని తిన్నగా ఆయన దగ్గరికి వచ్చింది.

"తరుగు మీరు తీసుకోండి మాస్టారూ. కొసరు నేను వేస్తాను" అని ఇంకొక సున్నుండ ఆయన చేతిలో పెట్టింది.

సారు దానికి మాత్రం తరుగు తీయలేదు.