కల్వర్టు మీద ఎర్ర గీత

మా భూగోళం మాస్టారు మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు చోడవరంలో తన ఇంట్లో చనిపోయారు. గుండెపోటు. ఆ రోజు ఎనిమిదింటికి ఆయనా నేనూ కలిసి గెడ్డ మీది కల్వర్టు దగ్గర ఒక గీత మార్చాల్సి ఉంది.

డిగ్రీలో ఆయన మాకు పాఠం చెప్పే రోజుల్లో, ఊరవతల వాగు, మా గెడ్డ, పొంగి తగ్గిన మర్నాడు క్లాసు ఉండేది కాదు. చెరకు తోటల మధ్య నుంచి మమ్మల్ని కల్వర్టు దాకా నడిపించేవారు. గోడ మీద బురద చార ఎందాకా ఉందో చూసి, అక్కడ ఎర్ర పెయింటుతో గీత గీయించి, పక్కన సంవత్సరం రాయించేవారు. "తడి ఆరకముందే గియ్యాల్రా. నీళ్లు అబద్ధమాడవు. ఆలీసం సేస్తే మనమే ఆడిస్తాం" అనేవారు.

తరవాత ఆ తోటల్లోకి ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. దాని వెనకే హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు. వడ్డాది బస్సు ఇప్పుడు పాత సెంటర్లో కంటే కాలేజీ గేటు దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది. "కాలేజీ ఎక్కడుంటే ఊరు అక్కడికి నడిసెల్తాది. గెడ్డ మాత్రం పక్కకి జరగదు" అనేవారు మాస్టారు.

కల్వర్టు పక్కన కొత్తగా ఆడపిల్లల హాస్టల్ కట్టినవాడు నా క్లాస్‌మేటే. గీతల్లో అన్నిటికంటే పైదాన్ని కొలిచి, దానికి జానెడు ఎత్తున కింది అంతస్తు నేల వేశాడు. మాస్టారి మీద అంత నమ్మకం.

ఆ పై గీతే తప్పు. అది గీసిన ఏడాది మాస్టారు కె.కోటపాడులో పెళ్లికి వెళ్లి, దారులు తెగి, రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. ఈలోగా వాన పై బురదను కడిగేసింది. మిగిలిన చార దగ్గర గీయించారు. బ్రష్షు పట్టింది నేను. మొన్న వేసవిలో గెడ్డ ఒడ్డున, ఆ వరద తరవాత తలుపు తియ్యని బెల్లం షెడ్డును పడగొడుతుంటే లోపలి గోడ మీద అసలు చార బయటపడింది. మాస్టారు తాపీమేస్త్రి నీళ్ల గొట్టం తెప్పించి మట్టం చూశారు. మా గీతకి మనిషి ఛాతీ అంత పైన ఉంది.

నన్ను వెంటబెట్టుకుని హాస్టల్‌కి వెళ్లారు.

"బాబూ, నా గీత తప్పు. కింద గదుల్లో ఆడగుంటల్ని పెట్టకు. మోటారు బళ్లు పెట్టుకో."

"మీ గీత సూసే కట్టేను మాస్టారూ. ఇప్పుడు తప్పంటే బిల్డింగు నెత్తి మీదెట్టుకోమంటారేటి?" నా స్నేహితుడు నవ్వాడు. "అయినా గోడ మీద గీత అలాగే ఉంది కదా. వచ్చినోళ్లు దాన్నే సూస్తారు."

"అయితే ముందు దాన్నే మార్సాలి" అన్నారు మాస్టారు. నవ్వలేదు. తప్పు తనదని నలుగురి ముందు చెప్పుకున్న మాస్టారిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయన వరండాలో పెయింటు డబ్బా మూత తియ్యకుండా ఉంది. బుధవారం అది తీసుకుని కల్వర్టు దగ్గరికి వెళ్లాను. కొత్త మట్టానికి కల్వర్టు గోడ చాలలేదు. గీత పడాల్సిన చోటు పక్కనున్న హాస్టల్ గోడ, కింది గది కిటికీకి అడుగున. అక్కడే గీశాను. గురువారం ఉదయానికి దాని మీద సున్నం వేసి ఉంది. సున్నంలోంచి ఎరుపు కనిపిస్తోంది.

ఆదివారం నుంచి భారీ వర్షాలని హెచ్చరిక. హాస్టల్‌లో ప్రవేశాలు సోమవారం ఉదయం తొమ్మిదింటికి మొదలవుతాయి. గదులు కింది అంతస్తు నుంచి ఇస్తారు.