గేటు ఆయనదా, నాదా

మొన్న మా పెద్దబ్బాయి కాలవల ఆఫీసులో రిటైరయ్యాడు. దండలు వేసి, శాలువా కప్పి, గోడగడియారం ఒకటి చేతికిచ్చి పంపారు. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి వాడికి ఒకటే దిగులు. ఆ సభలో ఎవరో పెద్దాయన లేచి, మనిషి ఉద్యోగంలో ఉండగానే తన పొద్దును మూడు వాటాలు వేసుకోవాలి, ఒకటి పనికి, ఒకటి ఇంటికి, ఒకటి మనసుకు నచ్చిన సరదాకి, అలా వేసుకోనివాడు రిటైరయ్యాక దిక్కుతోచక తిరుగుతాడు అని చెప్పాడట. వీడు వసారాలో కూర్చుని, "అమ్మా, నాకున్న సరదా ఏందే? నీకేమన్నా గుర్తుందా?" అని నన్నే అడిగాడు. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. వాడి సంగతి అటుంచి, అసలు మా ఇంట్లో మొదట రిటైరైంది ఎవరా అన్న ఆలోచనలో పడ్డాను. అది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలడం లేదు. నా ఈడువాళ్ళు ఎవరన్నా చదివి తేలుస్తారేమోనని రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, మాట ఎట్లా వస్తే అట్లా పెట్టడమే తెలుసు.

మా ఇంటాయన రైలు గేటు కాపలా మనిషి. గురజాల దాటి మాచర్ల వైపు పోతుంటే, బండ్లబాట పట్టాలను అడ్డంగా దాటే చోట ఆ గేటు ఉండేది. పక్కనే నాపరాళ్ళ కప్పుతో ఒంటిగది. మాచర్లకు లైను పడిన కొత్తల్లో ఆయన ఆ పనిలో చేరాడు, నేను చంకన పిల్లాణ్ణి వేసుకుని ఆ గదిలో చేరాను. ఊరు అల్లంత దూరాన ఉంది. చుట్టూ జొన్నచేలు, మిరపచేలు, వేసవి వస్తే కాలు పెట్టలేని నల్లరేగడి. పాసింజరు పోయాక ఎసరు పెట్టుకోవడం, గూడ్సు వచ్చేలోపల కూర దించుకోవడం, ఇదీ నా కాపురం. బండి ఆలస్యమైతే మా ఇంట్లో అన్నం కూడా ఆలస్యమే.

ఆయనకు చెక్కభజన పిచ్చి. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో కుర్రాళ్ళు గజ్జె కట్టినా అడుగులు నేర్పేది ఈయనే. బండి కనుమరుగైతే చాలు, చెక్కలు కండువాలో చుట్టుకుని, "ఏమే, ఇప్పుడే వస్తా, కాస్త చూస్తుండు" అని పోయేవాడు. ఆ ఇప్పుడే అన్నది పొద్దు వాలినా వచ్చేది కాదు. మొదట్లో తిట్టేదాన్ని. తర్వాత తర్వాత జెండాలు నా చేతికే అలవాటైపోయాయి. మలుపు దగ్గర పొగ కనపడగానే పోయి గేటు వేయడం, పచ్చజెండా పట్టుకుని నిలబడటం, దీపాలకు చమురు పోయడం, అన్నీ నావే. ఇంజను డ్రైవర్లు కూడా నాకే చెయ్యి ఊపేవాళ్ళు. ఆయన నిలబడిన రోజున మాత్రం, ఇంట్లో ఆమెకు ఒళ్ళు బాగాలేదా అన్నట్టు ఇంట్లోకి తొంగిచూసేవాళ్ళు.

ఇప్పుడు ఒక మాట చెబితే నవ్వుకుంటారు. నాకు ఆ గేటు మీద మోజు పుట్టడానికి కారణం రైళ్ళు కావు, గేటు వేసినప్పుడు ఆగిపోయే జనం. మిరపకాయల బండ్లు, నాపరాళ్ళ బండ్లు, గురజాల కోర్టుకు వాయిదాలకు పోయేవాళ్ళు, పుట్టింటికి పోయే ఆడవాళ్ళు, ఎవరైనా సరే బండి వచ్చి పోయేదాకా నా ముందర నిలబడాల్సిందే. "ఎందాక పోతున్నారు వదినా" అంటే చాలు, కథ మొదలయ్యేది. కథ సగంలో ఉండగా రైలు వచ్చేది, గేటు తీసేదాన్ని, మిగతా సగం వాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు వినాలి. మాచవరం నుంచి పొలం తగువు మీద కోర్టుకు తిరిగే ఒక ముసలాయన ఉండేవాడు. గేటు తీసే ఉన్నా బండి ఆపించి, "పిన్నీ, ఆ గేటు కాస్త వెయ్యి, చెప్పాల్సింది చానా ఉంది" అనేవాడు. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు, నన్ను పిన్నీ అనడం ఆయన వేళాకోళం. నా చేతుల మీద గట్టు తగువులు తెగాయి, రెండు పెళ్ళిళ్ళు కుదిరాయి. దాన్ని పని అనాలా, సరదా అనాలా, ఇంటి ముంగిట ఇరుగుపొరుగుతో మాట్లాడటమనాలా నాకు తెలియదు. మూడు వాటాలు వేయమంటే ఎక్కడ గీత గీయాలి?

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి, సరుకుల గూడ్సులు తగ్గిన రోజుల్లో, ఆయన రిటైరు కావడానికి ఇంక ఏడాది ఉందనగా మాట మొదలైంది. ఆయన ముఖం వెలిగిపోతోంది. మాచవరంలో పెద్దలిచ్చిన ఇంటికి పోయి సొంత జట్టు కడతానని, పల్నాడంతా తిరుగుతానని చెక్కలకు కొత్త గజ్జెలు వేయించాడు. నాకు మాత్రం తిండి సయించలేదు. గేటు పోతే గదీ పోతుంది, నేనూ పోవాలి.

పట్టాలు చూసుకుంటూ ట్రాలీ మీద వచ్చే ఇన్‌స్పెక్టరు ఒకాయన, మీ పిల్లవాణ్ణి ఇక్కడే పెట్టుకోరాదా, పైవాళ్ళతో చెబుతాను అన్నాడు. మా పెద్దబ్బాయి అప్పుడే స్కూలు ఫైనలు అయి గుంటూరు కాలేజీకి పోవాలని చూస్తున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు కదిలించాను.

"మావా, పిల్లోణ్ణి గేటులో పెడితే మనం ఈడనే ఉండొచ్చు గదా."

"వాడికి గేటు పని ఏం తెలుసే?"

"వాడికెందుకు తెలియాల, నేను చూడనా?"

"మరి వాడి చదువు మాన్పించి ఈడ నిలబెట్టేది ఎందుకే, చేలో దిష్టిబొమ్మ లాగానా?"

"నువ్వు నిలబడలా ఇన్నాళ్ళు?"

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. పిల్లవాడి కోసమని అడిగానా, నా కోసమని అడిగానా అని నన్ను నేను అడిగి చూసుకుంటే, ఎటు తిప్పినా తల్లిగా నాకు నచ్చే జవాబు రాలేదు.

నాలుగు రోజులు నాలో నేనే కొట్టుకులాడి, ఆ ట్రాలీ మళ్ళీ వచ్చినప్పుడు నేనే పోయి అడిగాను. పిల్లవాడు చదువుకుంటాడు, ఈ గేటు నాకే ఇవ్వమన్నాను. అప్పుడు ఆ ఇన్‌స్పెక్టరు ట్రాలీ దాటడానికి నేనే గేటు వేసి, బండ్లను ఆపి, జెండా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఆడమనిషికి గేటు ఎట్లా ఇస్తారమ్మా? ఒక్కదానివి చూడగలవా?"

"ఇప్పుడు మీకు గేటు వేసింది ఎవరయ్యా?"

"అది వేరు" అని, ట్రాలీ నెట్టేవాళ్ళకు కానీయమని చెయ్యి ఊపాడు.

ఆగిన బండ్లలోంచి ఎవడో, "అక్కా, నీకు మీసాలు రావాలంట" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేమీ కాదు, మా పిల్లల మంచీచెడ్డా అడిగేవాడు. కానీ అది వేరు అంటే ఏమిటో, ఇది దేనికి వేరో, ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

పిల్లవాడు గుంటూరు పోయాడు. మా ఇంటాయన రిటైరైన రోజున పట్టాల గ్యాంగు వాళ్ళంతా వచ్చి బంతిపూల దండ వేశారు. కొత్తగా వచ్చిన కుర్రవాడు గూడ్సు ఎన్నింటికని ఆయన్ని అడిగితే, ఆయన నా వైపు చూశాడు. దీపం వత్తులు ఎక్కడ, గేటు గొలుసు ఎటు తిప్పితే పడుతుంది, వానాకాలం ఏ మూల నీళ్ళు నిలుస్తాయి, అన్నీ నేనే చూపించాను. తర్వాత మూటలు బండిలో వేసుకుని మాచవరం పోయాము.

అక్కడ జరిగింది మరీ విచిత్రం. పొద్దంతా ఆయనదే, చెక్కలు ఉన్నాయి, కుర్రాళ్ళు వచ్చి గురువుగారూ అని పిలిచారు. కొన్నాళ్ళు నేర్పి ఊరుకున్నాడు. అరుగు మీద కూర్చుని, పొయ్యిలో పుల్లలు ఎక్కువయ్యాయని, చారులో ఉప్పు చాలదని నా వెంట పడేవాడు. ఇన్నేళ్ళు నా మీద గేటు పడేసి పోయినప్పుడున్న హుషారు, ఎవరూ అడ్డం లేనప్పుడు ఎటు పోయిందో మరి. దొంగతనంగా తిన్న బెల్లమే తీపి అంటారు, అదేనేమో. కాదేమో. ఆయన పోయేదాకా అడగలేకపోయాను.

నా సంగతి చెప్పాలంటే, వాకిట్లో నిలబడి పోయే బండినల్లా ఎందాక అని అడిగేదాన్ని. బండివాడు ఎద్దును అదిలిస్తూనే ఏదో అని పోయేవాడు. వాడి తప్పు కాదు, వాడెందుకు ఆగాలి? ఆగాల్సిన అవసరం లేని మనిషి కథ చెప్పడని నాకు అప్పుడు తెలిసింది. గేటు దగ్గర అంత ఆప్తుడైన కోర్టు ముసలాయనది కూడా ఆ ఊరే. వీధిలో ఎదురుపడితే, "బాగున్నావా పిన్నీ" అని సాగిపోయేవాడు. పొద్దు గడవకనే, పెద్దవాళ్ళకని పెట్టిన సాయంత్రం బడిలో చేరి అక్షరాలు దిద్దాను.

కిందటేడు పెళ్ళికని మాచర్ల పోతుంటే మా బస్సు ఆ గేటు దగ్గరే ఆగింది. గేటుకు ఇప్పుడు టెలిఫోను ఉంది. బస్సులో వాళ్ళంతా గడియారాలు చూసుకుంటున్నారు, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి, పక్కవాళ్ళు ఎందాక పోతున్నారో ఎవరికీ పట్టలేదు. కాపలా అబ్బాయి మంచినీళ్ళకని బస్సు పక్కకు వస్తే కిటికీలోంచి పలకరించాను. ఎనిమిది గంటల డ్యూటీ అట, అది కాగానే సైకిలెక్కి గురజాలలో ఇంటికి పోతాడట. భార్య అక్కడే ఉంటుందట, ఈ గేటు ఎట్లా ఉంటుందో ఆమె చూడనే లేదట. మంచిదే నాయనా అన్నాను. బస్సు కదిలింది. మంచిదే, పని పనిగా, ఇల్లు ఇల్లుగా ఉన్నాయి, ఆ పిల్లకు ఎవరూ అది వేరు అని చెప్పే అవసరం రాదు అని మాచర్ల దాకా నాకు నేనే చెప్పుకుంటూ పోయాను. అంతగా ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో మాత్రం తెలియలేదు.