నీళ్ళతో గీసిన అమ్మ

నా చిన్నప్పుడు, కరోనా రోజుల్లో, నేనొక పాడు పని చేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ నర్సు. మాస్కులు దొరకని రోజులవి. పక్కింటి చైనా ఆంటీ అమ్మ కోసమని ఓ మాస్కుల పొట్లం మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఆ జబ్బు వాళ్ళ దేశం నుంచే వచ్చిందని బళ్ళో పిల్లలు అనుకోగా విన్నాను. బుద్ధి గడ్డి తిని, ఎవరికీ చెప్పకుండా పొట్లాన్ని చెత్తబుట్టలో పడేశాను. వారం తిరక్కుండానే అమ్మకు జబ్బు తగులుకుంది.

అమ్మ మేడ మీది గదిలో తలుపేసుకుంది. రోజూ నాలుగింటికి కిటికీ దగ్గరకొచ్చి, కింద వాకిట్లో నిలబడ్డ నాకు చెయ్యి ఊపేది. ఆరో రోజు రాలేదు. నాన్న ఫోన్ చెవికి ఆనించుకుని డాక్టరు కోసం చూస్తున్నాడు. నా వల్లే అమ్మ చచ్చిపోతోందనుకున్నాను. ఆగలేక బయటికి పరుగెత్తాను.

ఆంటీ ఎండలో, ఇంటి ముందు బండల మీద, పొడుగు కుంచెను బకెట్టు నీళ్ళలో ముంచి బొమ్మ గీస్తోంది. ఆమె చిత్రకారిణి. చైనాలో ఆమె పుట్టి పెరిగిన సందును వారంలో కూలగొట్టి అద్దాల మేడలు లేపారట. అప్పట్నుంచీ ఆ సందునే గీస్తోంది. అదెంత తొందరగా పోయిందో చూసేవాళ్ళకు తెలియాలని నీళ్ళతోనే గీసేది. ఆ సందులో రెండో ఇంటి తలుపు మొదలుపెట్టేసరికి మొదటిది ఆరిపోయేది.

ఏడుస్తూ మాస్కుల సంగతి చెప్పేశాను. ఆమె మొహం మాడిపోయింది. తర్వాత కుంచె నేల మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి, "మీ అమ్మను గీయి" అంది ఇంగ్లీషులో.

గీశాను. కళ్ళు గీసేలోపే నుదురు ఆరిపోయింది. పైన కిటికీలో ఎవరూ లేరు.

"పోతోంది ఆంటీ!" అని అరిచాను.

"పోతుంది. మళ్ళీ గీయి."

ఎన్నిసార్లు గీశానో! చేతులు లాగేశాయి. ఉక్రోషం పట్టలేక కుంచె విసిరెయ్యబోతుంటే పైన కర్టెన్ కదిలింది. కిటికీ తెరుచుకుంది.

"ఏమే, నా ముక్కు మరీ అంత పెద్దదా?"

బొంగురు గొంతు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే తడి బండ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆంటీ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మాస్కుల మాట ఆమె ఎన్నడూ అమ్మకు చెప్పలేదు. చాలా ఏళ్ళకు నేనే చెప్పుకున్నాను.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. అమ్మ లేదు. ఆమె మొహం మరిచిపోతున్నానని భయం వేసినప్పుడల్లా వాకిట్లో నీళ్ళతో గీస్తాను. ఆరిపోతుంది. మళ్ళీ గీస్తాను. ముక్కు మాత్రం ఆనాటంత పెద్దదిగానే.