గ్రూపులో పెట్టిన సైన్సు వార్త

ఆ రోజు ఆ వార్తను గ్రూపులో పెట్టిన ఈ చెయ్యి విరిగిపోనూ! ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు. పొయ్యి ముందు నిలబడి అనుకున్నాను, బాగేపల్లి బస్టాండులో అనుకున్నాను, గూళూరు దారిలో స్కూటీ పంక్చరై నిలిచిపోయినప్పుడూ అనుకున్నాను.

గ్రూపంటే పెద్ద సంస్థ ఏమీ కాదు. కర్ణాటకలో బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు తాలూకా వార్తలు రాసే ఐదుగురం ఫోన్లో పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు. ఐదుగురివీ ఐదు కన్నడ పత్రికలు. ఇంట్లో తెలుగు, రాతలో కన్నడం. ఒకే రోజు ఒకచోట జాతర, ఇంకోచోట తహశీల్దారు మీటింగు, మరోచోట హైవే మీద లారీ బోల్తా. ఒక్క మనిషి ఎన్ని చోట్లకని పరిగెత్తేది? అందుకని ఎవరు వెళ్తే వాళ్ళు రాసి గ్రూపులో పెడతారు. మిగతా నలుగురూ శీర్షిక మార్చి, రెండు వాక్యాలు అటూ ఇటూ చేసి తమ పత్రికలకు పంపుకుంటారు. బెంగళూరులో కూర్చున్న సంపాదకులకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఐదుగురి పనీ ఊడుతుంది. ఇది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. పక్కింటి నుంచి గిన్నెడు మజ్జిగ తెచ్చుకున్నట్టే ఉండేది.

నీళ్ళ వార్త మాత్రం అలాంటిది కాదు. అది నాది.

గూళూరు అవతల ఒక ఊరి బడిలో ఏదో కార్యక్రమానికి వెళ్ళాను. ఫోటో తీస్తాను, నవ్వండర్రా అంటే పిల్లలందరూ ఒక్కసారిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ముందు సిగ్గేమో అనుకున్నాను. ఒక పాప చెయ్యి మెల్లగా తీసి చూస్తే పళ్ళ నిండా గోధుమరంగు చారలు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళు అలా అవుతాయనీ, తర్వాత కీళ్ళు పట్టేస్తాయనీ అంతకుముందు విన్నాను. కళ్ళతో చూడటం వేరు. ఆ రోజు ఫోటో తీయకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు. ఊరూరా తిరిగి బోరు నీళ్ళు పట్టుకొచ్చాను. మొదటి విడత నీళ్ళన్నీ శుభ్రంగా కడిగిన గాజు సీసాల్లో పోసి బస్సులో చిక్కబళ్ళాపురం ల్యాబుకు మోసుకెళ్తే, అక్కడి మేడం తల పట్టుకుంది. ఈ పరీక్షకు గాజు పనికిరాదట, ప్లాస్టిక్కే కావాలట. అదే నీళ్ళతో సీసాను మూడుసార్లు కడిగి మరీ పట్టాలట. అన్ని ఊర్లూ మళ్ళీ తిరిగాను. ప్రతి సీసాకూ ఆసుపత్రి ప్లాస్టరు అంటించి, దాని మీద ఊరి పేరూ బోరు లోతూ రాశాను. వంటింట్లో గట్టు మీద, గట్టు కింద సీసాలే. మా అమ్మ "చారు పెట్టేదానికి నీళ్ళు యాడుండాయో, నీ పరీక్ష నీళ్ళు యాడుండాయో నాకు తెలీలేదు తల్లీ" అని దండం పెట్టింది.

చివరికి తేలిందేమిటంటే, నేను చూసిన ఊర్లలో బోరు ఎంత లోతైతే నీళ్ళు అంత మంచివని జనం నమ్ముతున్నారు. ల్యాబు కాగితాలు చాలాచోట్ల దానికి అడ్డంగా ఉన్నాయి. లోతు బోర్లలోనే ఫ్లోరైడు ఎక్కువ. ఇది ఊరి మనిషికి అర్థమయ్యేలా రాయడానికి నాకు వారం పట్టింది. రాసి ముగించాను, పత్రికకు పంపాను. పంపిన వేలితోనే, ఏ ఆలోచనా లేకుండా, రోజూ చేసే పనే కదా అని గ్రూపులోనూ పెట్టేశాను.

మా పత్రికలో అది మూడో వంతుకు కుదించి, మూలన, 'మా ప్రతినిధి' అని వేశారు. గ్రూపులోని చింతామణి ఆయన పత్రికలో అర పేజీ వచ్చింది. పైన ఆయన పేరు, పక్కన ఆయన ఫోటో. లోపల ఒక్క ముక్క మారలేదు. "బలే రాసినావమ్మా, ఇట్లాంటివి ఇంకా పెట్టు" అని నాకు మెసేజ్ కూడా పెట్టాడు. అప్పటికీ నాకు కోపం రాలేదు, అంత మొద్దుదాన్ని.

ఆ ఏడే బెంగళూరు సంస్థ ఒకటి జిల్లా పత్రికల్లో సైన్సు వార్తలు బాగా రాసినవాళ్ళకు బహుమతి ఇస్తామని ప్రకటించింది. పేరు అచ్చయిన కటింగు పంపాలన్నది షరతు. నా కటింగులో పేరేదీ? అది నేనే రాశానని ఒక ఉత్తరం ఇవ్వమని మా సంపాదకుడికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ప్రతిసారీ 'చూద్దాం' అన్నాడు. గడువు దాటిపోయింది. ఎన్నో ఏళ్ళుగా జాతరలూ లారీలూ రాస్తున్నాను. ఇదొక్కటి నేను చేశానని ఎవరైనా అంటే చాలనుకున్నాను.

బహుమతి చింతామణి ఆయనకు వచ్చింది. గ్రూపులో అభినందనల పూలే పూలు. నేను ఫోన్ చేశాను.

"అన్నా, ఆ నీళ్ళు నువ్వు పట్టినావా?"

"నేను పట్టినానని యాడన్నా చెప్పినానా? మా ఆఫీసోళ్ళే పంపినారు, నాకే తెలీదు."

"తెలిసినాక వద్దని చెప్పొచ్చు గదా!"

"ఏమని చెప్పేది? గ్రూపులో తీసుకున్నానని చెప్పల్లా? అప్పుడు నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది." కొంచెం గొంతు తగ్గించి, "మీయమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నెల దినాలు నీ పేపరుకు ఎవురి వార్తలు పోయినాయమ్మా?" అన్నాడు.

ఆయనవే. ఆ నెలంతా నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆయన రాసినవి నావిగా పంపాను. ఒకదాన్ని మా సంపాదకుడు మెచ్చుకుంటే థాంక్యూ సార్ అన్నాను కూడా. ఫోన్ పెట్టేశాను.

పోనీ అంతటితో వదిలాడా? నాలుగు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. "బహుమతి ఇచ్చేటప్పుడు పది నిమిషాలు మాట్లాడల్లంట. ఎట్ల చేసినావు, ఏమేమి చూసినావు అని అడుగుతారంట. నీకే కదమ్మా తెలిసేది. రోంత చెప్పు."

సిగ్గుందా అని అరవాలనిపించింది. కానీ స్టేజీ మీద ఈయన ఏదో ఒకటి వాగితే, ముందు వరుసలో కూర్చునే నీళ్ళ శాఖ ఇంజనీర్లు వార్తే తప్పంటారు. అంతటితో ఆ ఊర్ల మాట మూలన పడుతుంది. అందుకని పళ్ళు కొరుక్కుంటూ గంటసేపు చెప్పాను. గాజు సీసా సంగతితో సహా.

చిక్కబళ్ళాపురంలో సభ. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. ఏడో వరుసలో కూర్చున్నాను. ఆయన శాలువా కప్పుకుని, గాజు సీసాల్లో నీళ్ళు పట్టి తిప్పలు పడిన కథ చెబుతుంటే జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా తప్పు లేకుండా చెప్పాడు, ఒప్పుకోవాలి.

తర్వాత ప్రశ్నలు. నా పక్కన కూర్చున్న ఆశా కార్యకర్త లేచి తెలుగులోనే అడిగింది. "సార్, నీళ్ళు బాగా కాచి చల్లార్చుకుని తాగితే ఆ ఫ్లోరైడు పోతుందా?"

ఇది నేను ఆయనకు చెప్పలేదు. వార్తలోనూ రాయలేదు.

"పోతుందమ్మా," అన్నాడు మైకులో. "కాచి తాగితే ఏమీ భయం లేదు."

నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. "పోదన్నా!" అని అరిచాను. "క్రిములైతే చస్తాయి, ఇది చావదు. కాచేకొద్దీ నీళ్ళు ఆవిరైపోతాయి, మిగిలిన నీళ్ళల్లో అది ఇంకా చిక్కబడుతుంది. కాచినారంటే ఇంకా చెడుపు!"

సభంతా నా వైపు తిరిగింది. సభ నడిపించే ఆమె మైకు అందుకుని, మర్యాదగానే, కన్నడంలో అంది: "మేడం, ప్రశ్నలకు బహుమతి పొందినవారు మాత్రమే జవాబిస్తారు. దయచేసి కూర్చోండి."

కూర్చున్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. "అదే నేను చెప్పబోతాంటి," అన్నాడు. "కాచితే పోదు. ఇంకా చిక్కబడుతుంది. ఎవురూ కాచి తాగొద్దండి." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చెప్పింది నిజం కాబట్టి.

ఆశా కార్యకర్త నోటుబుక్కు తెరిచి ఆ మాటను పొల్లు పోకుండా రాసుకుంది. కింద ఆయన పేరు రాసి గీత గీసింది. మా ఊర్లో అందరూ కాచే తాగుతాండారు, రేపే ఇంటింటికీ పోయి చెప్తాను అంది. తర్వాత నా ఒళ్ళో ఖాళీగా ఉన్న పుస్తకం వైపు చూసింది.

"సారు బలే చెప్పినాడు కదక్కా," అంది. "నువ్వు రాసుకోలేదా?"