ఆయిల్ కారే బండి మీద భీమవరం దాకా

శనివారం పొద్దున్న ఆరున్నరకి రాజమండ్రిలో బయల్దేరాం, నేనూ, మా బావగారూ, ఆయన బండీ. ఈ ముగ్గురిలో ఎవరిని నమ్మాలో తెలియక మా అక్క గుమ్మంలో నిలబడి ముగ్గురికీ కలిపి ఒకటే ప్రార్థన చేసేసింది.

ఆ బండి అక్క మావగారి పాత మోటార్‌సైకిల్. ఆయన లంక ఊళ్ళన్నీ దానిమీదే తిరిగి దేవుని వాక్యం చెప్పేవారు. ఆయన పోయాక బండి మా డేవిడ్ బావగారి చేతికొచ్చింది, ఆయిల్ కారడమూ అప్పుడే మొదలైంది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకాయన హెడ్డు ప్యాకింగ్ అన్నాడు. ఇంకొకాయన చైన్ కవరు అన్నాడు. మూడో ఆయన "పాత బండి కదండీ, అలవాటు" అన్నాడు. మార్చాల్సినవన్నీ మార్చినా, కొత్తగా టైల్స్ వేయించిన వరండాలో నల్లటి మడుగు మాత్రం మానలేదు. బండి ఎక్కితే చీరలు పాడవుతున్నాయని అక్క దాని జోలికే పోవడం మానేసింది. కిందటి వారం తేల్చి చెప్పింది: "ఆ బండన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. నేనైతే ఎక్కడికీ వెళ్ళను."

భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే సుబ్బరాజుగారికి పాత బండ్లంటే పిచ్చి. ఆయనకి ఇచ్చేద్దామని మాటయింది. బావగారు ఆఖరి కోరికగా ఒక్కటి అడిగారు, దారిలో కారడం ఆగితే వెనక్కి తెచ్చుకుంటానని. సంవత్సరాలుగా ఆగనిది ఈ పూటలో ఆగుతుందా అన్న ధీమాతో అక్క సరేనంది.

బయల్దేరే ముందు బావగారు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూశారు. తక్కువుంది. పోశారు. ఈయన లెక్కల మాస్టారు, స్కూలుకి బస్సులోనే వెళ్తారు. బండి వారానికోసారి కూడా కదలదు. కానీ రోజూ పొద్దున్నే కాఫీ కంటే ముందు దానికి ఆయిల్ పోయాల్సిందే. నాన్నగారి బండి ఎండిపోకూడదట.

ధవళేశ్వరం దాటి, జొన్నాడ వంతెన ఎక్కి, ఎనిమిదింటికి రావులపాలెం చేరాం. ఇలాంటి బండి మీద మీరూ ఈ దారిన వస్తే, వెనక కూర్చునేవాళ్ళు పారేయదలుచుకున్న ప్యాంటు వేసుకోండి. అక్కడ పెసరట్టు ఉప్మా తిన్నాం. బాగుంది. అల్లం పచ్చడి ఇంకోసారి అడగండి, మొహమాటపడకండి.

బావగారి ఉపాయం ఇక్కడ మొదలవుతుంది. ఇంజన్ అంతా తుడిచి, పొడిగా ఉన్నప్పుడు పౌడరు చల్లాలి. కాసేపు నడిపాక ఎక్కడ తడిస్తే అక్కడే లోపం. ఫ్యాన్సీ షాపులో వాసన లేని పౌడరు కావాలన్నారు.

"బాబుకాండి, పాపకాండి?" అంది షాపామె.

"బండికండి."

ఆవిడ ఆయన మొహం వంక, తర్వాత నా మొహం వంక చూసింది. నేను తల ఊపాను. ఇంకేం చేస్తాను?

ఇంజన్‌కి పౌడరంతా చల్లి, సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండలో గుడి వీధి చివర ఆపాం. బావగారు రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని ఇంజన్‌లోకి తొంగిచూస్తున్నారు. దర్శనానికొచ్చిన ఒక పెద్దావిడ ఆగి, తెల్లగా మెరిసిపోతున్న బండికి దణ్ణం పెట్టి, "మొక్కాండి?" అని అడిగింది.

"ఆయ్, మొక్కేనండి. మా అక్కది," అన్నాను.

"దొరికిందోయ్ ప్రసాదూ!" అని బావగారు నన్ను కేకేశారు. హెడ్డు దగ్గర పౌడరు చెక్కుచెదరలేదు. చైన్ కవరూ తెల్లగానే ఉంది. వెనకవైపు చిన్న గొట్టం మూతి మాత్రం నల్లగా తడిసింది. ఇంజన్ ఊపిరి వదిలే గొట్టమట అది. ఆయన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ గొట్టానికి బిగించడానికి ఏమీ లేదు, అది తెరిచే ఉండాలి. దొంగ దొరికాడు గానీ సంకెళ్ళు వేయడానికి చేతుల్లేవు. మార్టేరు దాటేదాకా బండిని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు మెల్లగా తోలారు. పాపం, జాలేసింది.

పదకొండు దాటాక భీమవరం. చెరువులు, ఐసు లారీలు, ఇరుకు రోడ్డులో ఆటోలు. సుబ్బరాజుగారు బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, పెళ్ళికూతురిని చూసినట్టు మురిసిపోయారు. కానీ బేరం మాట ఎత్తనివ్వలేదు.

"ముందు భోజనం చేయండి. ఖాళీ కడుపుతో బండి ఇచ్చేస్తారేంటండి?"

ఆయన భార్య వడ్డన సంగతి ఏం చెప్పను! రొయ్యల వేపుడు, కొరమీను పులుసు, గోంగూర. చాలండి అంటే అన్నం వచ్చింది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వచ్చింది. నేను ఆయాసపడుతుంటే బావగారు దిగులుగా కారే గొట్టం గురించీ, రోజూ పోసే ఆయిల్ గురించీ చెబుతున్నారు.

రాజుగారు ముద్ద ఆపేశారు. "ఉండండుండండి. కడ్డీ ఎప్పుడు చూస్తారు? స్టార్ట్ చేయకముందా?"

"ముందేనండి."

"అయ్యో మాస్టారూ! ఈ రకం బండి నిలబెడితే ఆయిల్ మెల్లగా కిందకి దిగిపోద్దండి. కడ్డీకి అందదు. తక్కువుందనుకుని మీరు పోస్తారు. స్టార్ట్ చేయగానే కిందది కూడా పైకొచ్చేస్తది. ఎక్కువైంది ఇక ఎటు పోద్దండి? ఆ గొట్టంలోంచే కదండీ!" అని నా వైపు చూపించారు. "మీ బావమరిదిని చూడండి. ఇంకో గరిటె వేస్తే ఈయనకీ అంతేనండి." ఆయన భార్య వెంటనే ఇంకో గరిటె వేసింది.

భోజనాలయ్యాక రాజుగారు ఎక్కువైన ఆయిల్ తీసేశారు. గొట్టం తుడిచి, ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పి వచ్చి, అప్పుడు కడ్డీ చూసి చూపించారు. సరిగ్గా ఉంది. గొట్టం మూతి పొడిగా ఉంది.

"ఈ ముక్క చెప్పకపోతే బండి నాదేనండి," అన్నారు రాజుగారు బండిని నిమురుతూ. "ఏం చేస్తాం, అన్నం పెట్టేశాం కదా. పెట్టాక మోసం చేయకూడదు."

సాయంత్రం సిద్ధాంతం వంతెన మీద బావగారు బండి ఆపి, కింద చెయ్యి పెట్టి చూశారు. చేతికి ఏమీ అంటలేదు. ఎగిరి గంతేస్తారనుకుంటే, కింద వశిష్ఠ గోదావరి వంక చూస్తూ నిలబడిపోయారు.

"రేపట్నుంచి పొద్దున్నే ఏం చేయనోయ్? ఆయిల్ పోసే ఆ కాసేపూ నాన్నతో ఉన్నట్టుండేది."

బావమరిదిని కదా, ఊరుకుంటే ఎలా? "తిప్పి వచ్చాకే కడ్డీ చూడాలని రాజుగారు చెప్పలేదేంటండీ? అంటే రోజూ గట్టు దాకా వెళ్ళి రావాల్సిందే. ఆ మాత్రం లెక్క రాదా మాస్టారూ?"

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

మొత్తం మీద ఈ ప్రయాణంలో నాకు తెలిసింది ఒక్కటే. మా గోదావరి జిల్లాల్లో ప్రేమంటే పోయడమే. మనుషులు ఎలాగో తట్టుకుంటున్నారు, ఇంజన్లకి మాత్రం చేతకాదు.

ఇంతలో అక్క ఫోన్ చేసింది. "ఇచ్చేశారా?"

"లేదు. వెనక్కి తెస్తున్నాం."

"కారుతోందా?"

"ఆగిపోయిందక్కా."

అక్క గొంతు సవరించుకుంది. "రేపు చర్చికి ఆటో చెప్పొద్దని మీ బావగారితో చెప్పు. తెల్లచీరే కట్టుకుంటానని కూడా చెప్పు."