రజిత కార్డు చదవని సభ

కరోనా తర్వాత బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది, జూన్ నెలలో, నన్ను వరంగల్ మట్టెవాడ కేంద్రానికి ఇన్‌చార్జిగా వేశారు. సర్కారు బడుల్లో తొమ్మిది, పది తరగతులు చదివే పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా పాఠాలు చెప్పే స్వచ్ఛంద సంస్థ మాది. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేశాను. రిటైరవడానికి అప్పటికి మూడేళ్ళుంది.

మా దగ్గర పాఠం చెప్పేవాళ్ళు ట్యూటర్లు. ఎక్కువమంది డిగ్రీ చదివే పిల్లలే. మెంటర్ పాఠం చెప్పడు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం వచ్చి తనకు అప్పగించిన ఇద్దరు పిల్లలతో కూర్చుంటాడు. ఇంట్లో ఎట్లా ఉంది, బడి మానేసే ఆలోచన ఏమైనా ఉందా అని కనుక్కుంటాడు. వీళ్ళందరికీ పైన కేంద్రం ఇన్‌చార్జి, ఆ పైన జిల్లా కోఆర్డినేటర్, అందరికీ పైన ట్రస్టు. ఈ మెట్లలో దేనికీ చెందని వాళ్ళు భాగస్వాములు. గది ఇచ్చేవాళ్ళు, నోటుపుస్తకాలు ఇచ్చేవాళ్ళు, సాయంత్రం పిల్లలకు శనగ గుడాలు ఉడకబెట్టి పంపేవాళ్ళు. వాళ్ళు లేకపోతే మిగతా మెట్లన్నీ గాలిలో ఉంటాయి.

నన్ను ఆ పోస్టులో వేయడానికి కారణం నా లెక్కలు కాదు, నా బేరం. మా నాన్నది మట్టెవాడలోనే ఇత్తడి సామాన్ల దుకాణం. గల్లా పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. కూరగాయల బండివాడు నన్ను చూడగానే కొసరు కొత్తిమీర ముందే చేతిలో పెట్టి, "ఇగ ఏమనకు అమ్మా" అనేవాడు.

గది కోసం విశ్వనాథం సేటు దగ్గరికి వెళ్ళాను. ఆయనది బట్టల దుకాణం, వెనక గోదాము. మేమిద్దరం ఒకే గల్లీలో పెరిగాం. నన్ను చెల్లె అంటాడు. గోదాము మీది గది మూడేళ్ళకు అడిగాను. ఒక నెల చూద్దామన్నాడు. మూడు చాయలు తాగేసరికి ఏడాది దగ్గర కుదిరింది. లేచేటప్పుడు ఫ్యాను కూడా అడిగాను.

"నువ్వు మీ నాయినను మించినవు చెల్లె" అన్నాడు. ఫ్యాను మాత్రం పెట్టించాడు.

ఆయన వైపు నుంచి షరతులు రెండు. బట్టల మూటలు కొన్ని ఆ గదిలోనే ఉంటాయి. ఏటా జరిగే సన్మాన సభలో ఆయన వేదిక మీద ఉంటాడు. ఈ సభ పదో తరగతి ఫలితాలు, అడ్మిషన్లు అయ్యాక జూలైలో జరుగుతుంది. బాగా ముందుకొచ్చిన పిల్లలకు జ్ఞాపిక, ప్రశంసాపత్రం ఇస్తాం. భాగస్వాములకు శాలువా కప్పుతాం. ఆ శాలువాలు సేటు దుకాణంలోనే గీచి గీచి బేరం చేసి కొని, ఆయనకే కప్పేదాన్ని. ఆయన అంచు పట్టుకుని చూసి, "మంచి రకమే తీస్కున్నవు" అనేవాడు.

ఇక కార్డు సంగతి. చేరిన రోజున ప్రతి ఒక్కరికీ తొలి పరీక్ష ఉంటుంది, యాభై మార్కులకు. రెండో తరగతి స్థాయి తెలుగు పేరా చదవడం, నాలుగంకెల తీసివేత, ఒక భాగహారం, ఇట్లాంటివి. పాఠం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే ఆ పరీక్ష. కేంద్రం వదిలే ముందు ఇంకో పరీక్ష. రెండింటి మార్కులూ ఒక కార్డు మీద పక్కపక్కన రాస్తాం.

ఆ కార్డును సభలో చదవాలన్న ఆలోచన నాదే. మా నాన్న దుకాణం ముందు ఒక పాత బిందె ఉండేది. దాన్ని సగం తళతళలాడేట్టు తోమి, సగం నల్లగా వదిలేసేవాడు. అది చూసి జనం తోముడు పొడి కొనుక్కుపోయేవాళ్ళు. తోమింది చింతపండుతోనని నాకూ అమ్మకూ మాత్రమే తెలుసు. మొదటి ఏడాది సభలో నేనూ ఆ పనే చేశాను. అనిల్ అనే విద్యార్థిని వేదిక మీద నిలబెట్టి, వచ్చినప్పుడు యాభైకి ఎనిమిది, ఇప్పుడు నలభై ఒకటి అని చదివాను. చప్పట్లు ఆగలేదు. సేటు మైకు తీసుకుని, గది ఇంకో ఏడాదికి ఇస్తున్నానని అక్కడికక్కడే ప్రకటించాడు. ఎవరో వీడియో తీశారు. సంస్థ పేజీలో పెట్టాం. ఆ రోజు నన్ను మించిన వ్యాపారి మట్టెవాడలో లేడనుకున్నాను.

రెండో ఏడాదికి రజిత ఉంది. తండ్రి కొమురయ్య సేటు గోదాములోనే హమాలీ. తొమ్మిదో తరగతిలో మా దగ్గర చేరిన రోజు, పేరా చేతికిస్తే రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోయింది. పుస్తకం చూస్తే భయపడుతోందని ట్యూటరు మొదట మూటల మీది చీటీలు చదివించింది. ఊరి పేరు, రకం పేరు, తానుల సంఖ్య. నెల తిరిగేసరికి గదిలో ఏ మూటలో ఏముందో సేటు గుమాస్తా కంటే రజితకే బాగా తెలిసేది. ఆమె మెంటర్ కరెంటాఫీసులో పనిచేసే ఆవిడ. ఆ ఆదివారాల పుణ్యమా అని రజిత పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ రాసి ఎలక్ట్రికల్‌లో సీటు తెచ్చుకుంది.

అంత మంచి కార్డు నా చేతికి ఎప్పుడూ రాలేదు. అవసరమూ అంతే ఉంది. సేటు కొడుకు ఆన్‌లైన్ ఆర్డర్ల సరుకు పెట్టుకోవడానికి పై గది కావాలని పట్టుబడుతున్నాడు.

"పోయినేడు పోరని లెక్క ఇంకొకలను చూపియ్యి చెల్లె. మూడేండ్లకు గది రాసిస్త, నా కొడుకును నేను చూస్కుంట" అన్నాడు సేటు. ఇంకో ఇద్దరు వ్యాపారులను కూడా వేదిక మీదికి తెస్తానన్నాడు.

సభకు నాలుగు రోజుల ముందు రజిత వచ్చింది. సభకు రానని చెప్పింది.

"ఎందుకు బిడ్డా? మీ నాయిన హమాలోళ్ళందరికి చెప్పుకున్నడు గద."

"వస్త మేడం. కార్డు సదవనంటేనే వస్త."

ఎందుకని అడిగాను. ఆమె నా మొహం చూసి, "అనిల్‌ను ఇప్పుడు ఏమని పిలుస్తాండ్రో మీకు తెల్సా?" అంది.

తెలియదన్నాను.

"ఎనిమిది. కాలేజీ గ్రూపుల ఆ వీడియో ఇంకా తిరుగుతాంది. కాలేజి అయినంక పొద్దుమీకి ఫోన్లు రిపేర్ చేసే దుకాణంల పనిచేస్తాండు గద, గిరాకీలు గూడ గట్లనే పిలుస్తాండ్రు."

మాట రానప్పుడు కూడా నాకు బేరం వస్తుంది, అదొక జబ్బు. మార్కులు చెప్పను, పేరా సంగతి ఒక్కటే చెప్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. వీడియో తీయనివ్వనన్నాను.

"సేటు ఇంటడు గద మేడం. మా నాయిన మూటలు మోసే సేటు. మా నాయిన ముంగటనే ఇంటడు."

చివరికి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, గర్వపడాల్సిన విషయం అన్నాను.

"గర్వమైతే అందరియి సదువుండ్రి. సేటు పదో తరగతి ఎట్ల పాసయిండో సదువుండ్రి. మీది గూడ సదువుండ్రి. మీరిద్దరు ఒప్పుకుంటే నేను గూడ ఒప్పుకుంట."

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపరు ఒకసారి తప్పాను. లెక్కలు చెప్పి బతికినదాన్ని కాబట్టి ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. రాయడం ఇదే మొదటిసారి. ఆ రోజు రజితకు మాత్రం, ఆలోచించి చెప్తానన్నాను.

మర్నాడు పొద్దున సేటు దుకాణానికి వెళ్ళాను. ఆయన కోడలు కౌంటర్ దగ్గర కూర్చుని ఉంది. రజిత కార్డు చదవొద్దంటోందని చెబితే సేటు తేలిగ్గా తీసుకున్నాడు.

"చిన్న పిల్ల. కొమురయ్యతోని నేను చెప్పిస్త. ఫికర్ చెయ్యకు."

సేటు అడిగితే కొమురయ్య కాదనలేడు. కొమురయ్య అడిగితే రజిత కాదనలేదు. కార్డు చదవచ్చు, గది మూడేళ్ళు నిలుస్తుంది, నా నోటితో నేనెవరినీ ఒత్తిడి చేయనక్కర లేదు. సగం చాయ తాగేంతసేపు ఆ దారి నాకు బాగానే కనిపించింది. ఆ సంగతి దాచుకోను.

తర్వాత గ్లాసు కింద పెట్టాను. "కొమురయ్యను నడుమ తేకు అన్నా. పోరి ఒక షరతు పెట్టింది. ఆమెది సదవాల్నంటే నీ కార్డు గూడ సదవాల్నట."

"నాకేం కార్డున్నది?"

"పదో తరగతి లెక్కలు. రెండు సార్లు తప్పినవు గద."

సేటు కోడలి వైపు చూశాడు. ఆమె ఎవరికో జాకెట్ పీసు రంగు చూపిస్తోంది.

"జర మెల్లగ. ఇంట్ల ఎవ్వలకు తెల్వది."

"నలభై ఏండ్లు దాటె గదన్నా. ఇంక దాంట్ల ఏమున్నది?"

"ఎన్నేండ్లయితే ఏంది? మైకుల సదివితే నిన్న తప్పినట్టే ఉంటది."

ఆ మాట తన చెవికే పడినట్టు ఆగాడు. చేతిలోని తాను మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. చెప్పాల్సింది చెప్పాక నోరు మూసుకోవడం మా నాన్న నేర్పిన విద్యలో అన్నిటికంటే కష్టమైన పాఠం.

"నాది సదవకు, ఆ పోరిది గూడ సదవకు" అన్నాడు సేటు. "గని మూడేండ్లు అనకు చెల్లె. చూపియ్యనీకె ఏం లేకుంటే కొడుకుతోని ఏమని కొట్లాడాలె? ఒక్క యేడు."

"రెండు" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఒక్కటే."

సరేనని లేచాను.

సభలో రజితను పేరు పెట్టి పిలిచి, ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరబోతోందని చెప్పాను. జ్ఞాపిక, ప్రశంసాపత్రం, ఫోటో. అర నిమిషం పట్టలేదు. చప్పట్లు పలచగా పడ్డాయి. కొమురయ్య ఒక్కడే, పక్కవాళ్ళు తిరిగి చూస్తున్నా ఆపకుండా కొట్టాడు. సేటు తీసుకొచ్చిన వ్యాపారుల్లో ఒకాయన నా వైపు వంగి ఈ పిల్ల స్పెషల్ ఏందని అడిగాడు. సీటు వచ్చిందన్నాను. "మా పిల్లకు గూడ వచ్చింది" అన్నాడు. ఆ ఇద్దరూ మా భాగస్వాములు కాలేదు.

సేటు మాట్లాడినంతసేపూ నా చేతిలోని కాగితాన్నే చూస్తూ మాట్లాడాడు. అది వందన సమర్పణలో చదవాల్సిన పేర్ల పట్టిక. ఆయన ఉపన్యాసం సాగుతూ ఉంటే, ఊరికే, దాన్ని ఒకసారి మడత విప్పాను. రెండు వాక్యాల్లో ముగించాడు.

మర్నాడు అనిల్ పనిచేసే దుకాణానికి వెళ్ళాను. సంస్థ పేజీ నుంచి వీడియో తీయించానని, జనం ఫోన్లలో ఉన్నది తీయడం నా చేతిలో లేదని, తప్పు నాదేనని చెప్పాను. ఒక ఫోనుకు వెనక మూత బిగిస్తూ విన్నాడు.

"పోనియ్యిండ్రి మేడం. అలవాటైంది."

వెంట తెచ్చిన అతని కార్డు ఇచ్చాను. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"నలభై ఒకటి వచ్చినయా నాకు? నాకు గూడ ఎనిమిదే యాదికున్నది."

ఇంతలో ఆ ఫోను తాలూకు మనిషి వచ్చి, "ఏం ఎనిమిదీ, అయిందా?" అన్నాడు. "అయిందన్నా" అంటూ అనిల్ ఫోను అందించాడు. కార్డును డ్రాయరులో స్క్రూల డబ్బా కింద పెట్టాడు.

ఆ నెల సమీక్షా సమావేశంలో నియమం మార్పించాను. తొలి పరీక్ష ఫలితం ట్యూటరు దగ్గరే ఉంటుంది. కేంద్రం వదిలేటప్పుడు కార్డును విద్యార్థి చేతికే ఇస్తాం, నకలు ఉంచుకోం. సభలో పేరు, ఇకముందు చేరబోయే చదువు, ఈ రెండే చదువుతాం. ఏడాది తర్వాత సేటు గది ఖాళీ చేయించాడు. కేంద్రం రెండు గల్లీల అవతల ఫ్యాను లేని గదిలోకి మారింది. నేను రిటైరయ్యాక నా స్థానంలో వచ్చిన అతను ఫోన్ చేసి, చూపించడానికి ఏమీ లేకుండా భాగస్వాములను ఒప్పించడం కష్టంగా ఉందన్నాడు. కష్టమేనని చెప్పాను. ఒక పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే గది త్వరగా దొరుకుతుంది. కానీ అది చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. గది సంపాదించడం ఇన్‌చార్జి పని, దానికి పట్టే సమయం పడుతుంది.